మట్టి ప్రమిద

ఒక ఊరిలో ఒక పౌరాణికుడు ఉండేవాడు. ఒకనాటి సాయంకాలం ఆయన గుడి మండపంలో పురాణం చెబుతూ, వంకాయ తినడం వల్ల కలిగే దోషాలను గంటసేపు వర్ణించాడు. స్త్రీల వరుసలో కూర్చుని వింటున్న ఆయన భార్య మనసు కలతపడింది. ఆమె గబగబా ఇంటికి వెళ్లి, పొయ్యి మీద ఉడుకుతున్న గుత్తివంకాయ కూరను దొడ్లో పారబోసింది. పురాణం ముగించుకొని వచ్చిన పౌరాణికుడు విస్తరి ముందు కూర్చుని, "కూర ఏదీ?" అని అడిగాడు. ఆమె జరిగింది చెప్పింది. "ఓసి పిచ్చిదానా! అది పురాణంలో వంకాయ. ఇది మన పెరట్లో వంకాయ" అన్నాడాయన చారన్నం కలుపుకొంటూ.

ఈ కథను తెలుగువారు తరతరాలుగా చెప్పుకొని నవ్వుకుంటున్నారు. మన ఇరుగుపొరుగు భాషలవారూ ఇలాగే నవ్వుకున్నారు. కర్ణాటకలోని తెలుగు పిల్లలు 'పుస్తకద బదనేకాయి' అనే మాట వినే ఉంటారు. ఆచరణకు పనికిరాని చదువును కన్నడిగులు అలా అంటారు. తమిళంలో ఆ వంకాయ సొరకాయ అయింది. తాటాకు పుస్తకంలోని సొరకాయ కూరకు అక్కరకు రాదని వారి సామెత. మరాఠీవారు ఇంకొంచెం కఠినులు. లోకానికి బ్రహ్మజ్ఞానం బోధించేవాడు తాను మాత్రం ఎండురాయిలా ఉంటాడని అంటారు.

మన నిత్యవ్యవహారంలో 'వేదాంతం' అనే మాటకు పట్టిన గతి చూడండి. వేదాంతం అంటే ఉపనిషత్తుల సారం. బాదరాయణుడు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు వంటి మహామేధావులు దానిపై తర్కించారు. అయినా ఇంట్లో ఎవరైనా పని మానుకొని పెద్దమాటలు మాట్లాడితే "నీ వేదాంతం కట్టిపెట్టు" అంటాం. 'తత్త్వం' అనే మాట మాత్రం ఇంకో దారిలో నడిచింది. తత్త్వశాస్త్రం అంటే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం. తత్త్వం పాడటం అంటే, తంబూరా పట్టుకొని గడప ముందు నిలిచినవాడు బతుకును గురించి నాలుగు మాటలు పాడి వినిపించడం. పోతులూరి వీరబ్రహ్మంగారి తత్త్వాలను పాడుకొన్న శ్రామికులలో అనేకులు ఏ శాస్త్రమూ చదివినవారు కారు.

ఒకే మాట ఒకచోట శాస్త్రమైంది, మరొకచోట పాట అయింది. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని గురించి సుమారు 1,900 సంవత్సరాల క్రితం గ్రీసు దేశపు పడమటి తీరంలో ఒక కుంటి ఉపాధ్యాయుడు తన శిష్యులను ప్రతిదినం నిలదీసేవాడు. ఆయన పేరు ఎపిక్టెటస్.

ఎపిక్టెటస్ అనేది నిజానికి పేరు వంటి పేరు కాదు. గ్రీకు భాషలో ఆ మాటకు 'సంపాదించినది' అని అర్థం. ఆయన బానిస. క్రీ.శ. 50 ప్రాంతంలో నేటి టర్కీ దేశంలో ఉన్న హియరాపోలిస్ నగరంలో జన్మించాడు. తరువాత రోము నగరంలో ఎపఫ్రొడిటస్ అనే ధనికునికి బానిసగా ఉన్నాడు. ఈ ఎపఫ్రొడిటస్ కూడా ఒకప్పుడు బానిసే. విడుదల పొంది, నీరో చక్రవర్తి కొలువులో కార్యదర్శి అయ్యాడు. ఎపిక్టెటస్ కాలు ఎందుకు కుంటిదయిందో చెప్పేవారు రెండు విధాలుగా చెబుతారు. యజమాని మెలితిప్పి విరిచాడని కొందరంటారు. వ్యాధి వల్ల అయిందని మరికొందరంటారు. ఆయన మాత్రం తన కాలును గురించి ఎవరి మీదా నేరం మోపలేదు.

బానిసగా ఉన్న రోజులలోనే ఆయనకు మ్యూసోనియస్ రూఫస్ అనే గురువు వద్ద చదువుకొనే అవకాశం కలిగింది. మ్యూసోనియస్ స్టోయిక్ మతానికి చెందినవాడు. ఇక్కడ మతం అంటే సిద్ధాంతమని గ్రహించాలి. ఒకనాడు తర్కపాఠంలో ఒక అనుమాన వాక్యంలో లోపించిన అంశాన్ని ఎపిక్టెటస్ పట్టుకోలేకపోయాడు. గురువు మందలించాడు. "నేనేమైనా కాపిటల్ ఆలయాన్ని తగలబెట్టానా?" అన్నాడు శిష్యుడు. కాపిటల్ రోమనుల ముఖ్య దేవాలయం. దానిని తగలబెట్టడం కంటె పెద్ద పాతకం వారి ఊహకు అందదు. అందుకు గురువు, ఈ లెక్కలో నువ్వు వదిలేసిన అంశమే కాపిటల్ అని బదులు చెప్పాడు. ఈ సంగతిని ఎపిక్టెటస్ ముసలితనంలో తన శిష్యులకు తానే చెప్పుకొన్నాడు. ఆయన చదువును చిన్నచూపు చూసినవాడని మనం తొందరపడి అనుకోకుండా ఉండడానికి ఈ కథను గుర్తుంచుకోవాలి.

తరువాత ఆయన విడుదల పొంది రోములోనే బోధించసాగాడు. క్రీ.శ. 90 ప్రాంతంలో డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను రోము నుండి వెళ్లగొట్టాడు. ప్రశ్నించడం నేర్పేవారంటే నిరంకుశులకు భయం. ఎపిక్టెటస్ సముద్రం దాటి నికోపోలిస్ అనే రేవు పట్టణానికి చేరి, అక్కడ ఒక పాఠశాల పెట్టాడు.

ఆ పాఠశాలకు వచ్చినవారు ఎక్కువగా కలవారి పిల్లలు. రేపు అధికారులు కావలసినవారు. వారు చదివే పాఠాలలో ముఖ్యమైనవి క్రిసిప్పస్ రాసిన గ్రంథాలు. క్రిసిప్పస్ క్రీ.పూ. 3వ శతాబ్దపు పండితుడు. ఏడువందలకు పైగా రచనలు చేశాడని ప్రతీతి. వాటిలో ఒక్కటీ పూర్తిగా మనకు దక్కలేదు. ఆయన రచన చాలా కఠినం. ఆ వాక్యాలను విడదీసి అర్థం చెప్పగలిగిన విద్యార్థి తలెత్తుకొని తిరిగేవాడు. ఎపిక్టెటస్ అటువంటివాణ్ణి చూసి, క్రిసిప్పస్ కొంచెం తేటగా రాసి ఉంటే పాపం ఇతనికి గర్వపడడానికి ఏమీ మిగిలేది కాదు గదా అనేవాడు.

తత్త్వశాస్త్రంలో మూడు అంతస్తులున్నాయని ఆయన బోధించాడు. అబద్ధం ఆడకుండా ఉండటం మొదటిది. అబద్ధం ఎందుకు ఆడకూడదో కారణం చూపడం రెండవది. కారణం చూపడమంటే ఏమిటి, ఏది సరైన నిరూపణ, ఏది తప్పుడు నిరూపణ అని విచారించడం మూడవది. రెండవది నిలవడానికి మూడవది కావాలి. మొదటిది నిలవడానికి రెండవది కావాలి. మనిషికి అన్నింటికంటె అవసరమైనది, చివరకు కాలు మోపి నిలవవలసినది మొదటి దానిపైనే. మనం చేసేది తలకిందులు. కాలమంతా మూడవ అంతస్తులోనే గడుపుతాం, మొదటిదాన్ని పట్టించుకోం. అందుచేత ఒకవైపు అబద్ధాలాడుతూనే ఉంటాం. అబద్ధం ఎందుకు ఆడరాదో అడిగితే మాత్రం నిరూపణ నాలుక చివర సిద్ధంగా ఉంటుంది.

ఈ చివరి మాట నేటి తరగతి గదికి కూడా తగులుతుంది. సత్యహరిశ్చంద్రుని కథ మీద పది మార్కుల వ్యాసం పక్కవాని కాగితంలోకి తొంగిచూసి రాయడం సాధ్యమే. ఆ వ్యాసానికి పదికి పది రావచ్చు కూడా.

ఎపిక్టెటస్ ఉపమానాలన్నీ పొలం నుండి, ఇంటి నుండి, వ్యాయామశాల నుండి వచ్చినవే. గొర్రెలు తాము ఎంత గడ్డి మేశాయో కాపరికి చూపడానికి ఆ గడ్డిని తెచ్చి ముందు కక్కవు. లోపల అరిగించుకొని, బయటికి ఉన్నిని, పాలను ఇస్తాయి. వడ్రంగి నా దగ్గర వడ్రంగం గురించి ఉపన్యాసం వినండి అనడు, ఇల్లు కట్టి చూపుతాడు. మల్లుణ్ణి నీ భుజాలు చూపమంటే, నేనెత్తే బరువులు చూడు అంటే ఎలా? పుస్తకాలు ఆ బరువుల వంటివి.

ఆయన చెప్పిన ఓడ కథ మరీ చమత్కారమైనది. సుఖదుఃఖాలు మంచీ చెడ్డా కావు, గుణమే మంచి, దుర్గుణమే చెడు అని ఒక పండితుడు సభలలో వాదిస్తుంటాడు. ఒకసారి ఆయన ఓడలో పోతుండగా తుఫాను వచ్చింది. తెరచాప పటపట కొట్టుకొంటోంది. పండితుడు గావుకేకలు పెడుతున్నాడు. పక్కనున్న వేళాకోళగాడు వచ్చి, "స్వామీ! మొన్న మీరు చెప్పారే, ఓడ మునగడం దుర్గుణమా, కాదా? కొంచెం వివరించండి" అని అడిగాడు. అప్పుడా పండితుడు చెక్క తీసుకొని వాడి నెత్తిన ఒక్కటి వేయడా అని ఎపిక్టెటస్ శిష్యులను అడిగేవాడు. శిష్యులు నవ్వే ఉంటారు. కాని అది తమ కథేనని వారికి తెలుసు.

మరి ఆయన సొంత బతుకు ఎలా ఉండేది? ఆయన ఇంట్లో దేవతామూర్తుల పక్కన ఒక ఇనుప దీపం ఉండేది. ఒక రాత్రి కిటికీ వద్ద చప్పుడైంది. దిగివచ్చి చూస్తే దీపం లేదు. దొంగకు కూడా దానిని తీసుకోవాలనిపించడానికి తనదైన కారణమేదో ఉండి ఉంటుందిలే అనుకొన్నాడాయన. రేపు మట్టి ప్రమిద తెచ్చుకొందాంలే అని సరిపెట్టుకొన్నాడు. ఈ బేరంలో ఎవరికి నష్టమో కూడా ఆయన లెక్క వేశాడు. తనకు పోయింది ఒక దీపం. దాన్ని కొన్నవాడు చెల్లించిన వెల వేరు. దీపం కోసం వాడు దొంగ అయ్యాడు.

ఈ లెక్క వెనుక ఆయన సిద్ధాంతమంతా ఉంది. లోకంలోని వాటిని ఆయన రెండు కుప్పలుగా పోశాడు. మన ఆలోచన, మన ఇష్టం, మన నిర్ణయం మన చేతిలో ఉన్నాయి. దేహం, ఆస్తి, పేరు, పదవి పూర్తిగా మన చేతిలో లేవు. చేతిలో లేనిదాన్ని నాదనుకొన్నవాడు ఏడుస్తూనే ఉంటాడు. మనల్ని బాధించేది జరిగిన సంగతి కాదనీ, ఆ సంగతిని గురించి మనం చేసుకొన్న అభిప్రాయమనీ ఆయన నొక్కి చెప్పేవాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. హోసూరులోనో, బరంపురంలోనో పెరిగిన ఒక తెలుగు అమ్మాయి సెలవులకు ఆంధ్రలోని మేనమామ ఇంటికి వెళ్లింది. ఆమె మాట విని అక్కడి పిల్లలు, "నీ తెలుగేమిటే ఇలా ఉంది!" అని పకపక నవ్వారు. వాళ్ల నవ్వు ఆమె చేతిలో లేదు. ఆమె యాస ఆమె ఊరు ఇచ్చింది. కాని 'నా తెలుగు తక్కువది' అనే నిర్ణయం ఎవరిది? ఆ ఒక్కటి ఎవరూ ఆమె నోట్లో కుక్కలేరు. ఆమె ఒప్పుకొంటేనే అది నిలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవచ్చు. ఎపిక్టెటస్ బోధించింది ఏథెన్సు పండితుల గ్రాంథిక గ్రీకులో కాదు. నాటి సామాన్య వ్యవహార గ్రీకులో. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు. అరియన్ అనే శిష్యుడు గురువు నోటివెంట వచ్చిన మాటలను వచ్చినట్లే రాసుకొన్నాడు. తన సొంత గ్రంథాలను గ్రాంథికంలో రాసిన అరియన్, గురువుగారి మాటలను మాత్రం దిద్దలేదు. ఈ అరియన్ చరిత్ర పాఠాలలో మనకు తగిలేవాడే. అలెగ్జాండరు దండయాత్రల చరిత్రను రాసింది ఇతడే. మెగస్తనీసు రాసిన 'ఇండికా' నష్టమైపోగా, అందులోని విషయాలు కొన్ని ఇతని రచనల ద్వారానే మనకు తెలిశాయి.

ఎపిక్టెటస్ సిద్ధాంతంలో ఇబ్బంది లేకపోలేదు. చేతిలో లేనిదాని గురించి చింతించవద్దు అని బానిసకు చెప్పడం యజమానికి చాలా అనుకూలమైన ఉపదేశం. బానిస వ్యవస్థను రద్దు చేయాలని ఎపిక్టెటస్ కోరినట్లు మనకు దక్కిన బోధలలో ఎక్కడా లేదు. బానిస కూడా నీకు సోదరుడే, ఒకే దేవుని బిడ్డడే అని ఒక యజమానిని గద్దించాడు, అంతే. ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అనే గీత దేవుడు గీసిపెట్టినది కాదు. ఒక్కడి చేతిలో లేనిది పదిమంది చేతులు కలిస్తే చేతిలోకి వస్తుంది. బానిసత్వం అలాగే పోయింది. ఎపిక్టెటస్ గీతను మనం ఒప్పుకొనేముందు ప్రశ్నించాలి. ఎలా ప్రశ్నించాలో నేర్పేది ఆ మూడవ అంతస్తే. ఆచరణే చాలు, శాస్త్రమెందుకు అనేవారు ఈ సంగతిని మరచిపోతారు.

ఎపిక్టెటస్ మరచిపోలేదు. ఒకనాడు సభలో ఒకడు లేచి, "తర్కం వల్ల ఉపయోగముందని నన్ను ఒప్పించండి" అన్నాడు. "నిరూపించమంటావా?" అని అడిగాడు గురువు. ఔనన్నాడు వాడు. "నేను తప్పుడు నిరూపణతో నిన్ను మోసగిస్తే నీకెలా తెలుస్తుంది?" అన్నాడు గురువు. వాడి వద్ద జవాబు లేదు. తర్కం కావాలో వద్దో తేల్చుకోవడానికైనా తర్కమే కావాలని వాడికి అర్థమయ్యేలా చేశాడు.

పెద్దవయసు వరకు ఎపిక్టెటస్ ఒంటరిగానే జీవించాడు. ఒక మిత్రుడు పేదరికం వల్ల తన బిడ్డను దిక్కులేకుండా వదిలివేయబోతే, ఆ బిడ్డను తెచ్చుకొని, పెంచడానికి ఒక స్త్రీని ఇంట పెట్టుకొన్నాడని తరువాతి కాలపు వ్యాఖ్యాత సింప్లిసియస్ రాశాడు. క్రీ.శ. 135 ప్రాంతంలో ఎపిక్టెటస్ మరణించాడు.

బానిస మాటలు కొద్దికాలానికే సింహాసనం చేరాయి. క్రీ.శ. 161 నుండి 180 వరకు రోమును పాలించిన మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి ఆయన గురువు రస్టికస్ తన సొంత ప్రతిని చదువుకోమని ఇచ్చాడు. ఆ మేలును చక్రవర్తి జీవితాంతం తలచుకొన్నాడు. డాన్యూబు నది వైపు యుద్ధ శిబిరాలలో ఉన్న కాలంలో ఆయన తనకు తాను చెప్పుకొన్న మాటలు కొన్ని గ్రీకులో రాసుకొన్నాడు. ఇతరులు చదవాలని రాసినవి కావవి. వాటిలో ఎపిక్టెటస్ పేరు పలుమార్లు వస్తుంది.

తరువాతి కాలంలో తత్త్వశాస్త్రం విశ్వవిద్యాలయాల పాఠ్యాంశమైంది. మధ్యయుగంలో ఐరోపా విశ్వవిద్యాలయాలు ఎలా బతకాలో చెప్పే బాధ్యతను మతానికి ఒప్పగించి, తత్త్వశాస్త్రానికి భావాలను నిర్వచించే పనిని మిగిల్చాయని ఫ్రెంచి పండితుడు పియెర్ ఆదో (1922–2010) వివరించాడు. ప్రాచీనులకు తత్త్వశాస్త్రం ఒక జీవిత విధానమని, దాన్ని గురించిన ఉపన్యాసం ఆ జీవితానికి తోడుగా ఉండేదని ఆయన జీవితమంతా బోధించాడు. తమాషా ఏమంటే ఈ మాట చెప్పినవాడూ విశ్వవిద్యాలయ ఆచార్యుడే. పాత గ్రీకు వాక్యాలను అక్షరమక్షరం పరిశీలించే పాండిత్యం లేకపోతే ఆయనకు ఈ సంగతి తెలిసేదే కాదు. ఎపిక్టెటస్ ప్రసంగాల పాఠం ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక పాత రాతప్రతి ఆధారంగా మనకు దక్కింది. దొరికిన తక్కిన ప్రతులన్నీ దాని నుండి ఎత్తి రాసుకొన్నవే. పేరు తెలియని లేఖకుడెవడో ఒకడు ఓపికగా కూర్చుని రాయకపోతే ఈ పాఠమే లేదు.

ఆచార్యుని చేతినుండి పుస్తకం యుద్ధఖైదీకి చేరిన కథ కూడా ఉంది. 1960ల ఆరంభంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్టాక్‌డేల్ అనే నౌకాదళ విమానచోదకుడు చదువుకొంటుండగా, తత్త్వశాస్త్రాచార్యుడొకరు ఎపిక్టెటస్ బోధల చిన్న కైపుస్తకాన్ని అతని చేతిలో పెట్టారు. సైనికునికి ఇది ఎందుకని అతనికి మొదట అనిపించింది. 1965 సెప్టెంబరులో వియత్నాం మీద అతని విమానం కూలింది. ఆ యుద్ధం న్యాయమా అన్యాయమా అన్నది వేరే ప్రశ్న. స్టాక్‌డేల్ ఏడేళ్లకు పైగా చెరలో ఉన్నాడు. కాలు విరిగింది, చిత్రహింసలు పెట్టారు, ఏళ్ల తరబడి ఒంటరి గదిలో ఉంచారు. ఏది తన చేతిలో ఉంది, ఏది లేదు అనే ఒక్క ప్రశ్నను పట్టుకొని తాను నిలిచానని 1973లో విడుదలైన తరువాత అతడు పలుచోట్ల చెప్పాడు. తరగతిలో విన్న పాఠం పరీక్షకు వచ్చింది తరగతి బయటే. మానసిక వ్యాధుల చికిత్సలోనూ ఆల్బర్ట్ ఎల్లిస్ వంటి మనస్తత్వ నిపుణులు 1950ల నుండి ఎపిక్టెటస్ మాటనే ఆసరా చేసుకొన్నారు. రోగి బాధకు మూలమైన అభిప్రాయాన్ని వెదికి, అది నిజమో కాదో అతనిచేతనే తర్కింపజేయడం వారి పద్ధతి.

ఇనుప దీపం పోయాక ఎపిక్టెటస్ తెచ్చుకొన్న మట్టి ప్రమిద ఏమయిందో చెప్పలేదు కదూ! ఆ సంగతి లూసియన్ అనే హాస్యరచయిత రాశాడు. ఆయన తత్త్వవేత్త మరణించిన తరువాతి తరంవాడు. ఎపిక్టెటస్ చనిపోయాక ఒక ధనికుడు ఆ ప్రమిదను మూడువేల ద్రాక్మాలు పోసి కొన్నాడట. ద్రాక్మా ఆనాటి వెండి నాణెం. రాత్రిపూట ఆ ప్రమిద వెలుగులో పుస్తకాలు చదివితే ఎపిక్టెటస్ జ్ఞానం తనకు వచ్చేస్తుందని అతని ఆశ.

ప్రశ్నలు

1. పురాణంలోని వంకాయకు, క్రిసిప్పస్ గ్రంథాలు చదివిన విద్యార్థుల గర్వానికి గల పోలికను వివరించండి.

2. "ఈ లెక్కలో నువ్వు వదిలేసిన అంశమే కాపిటల్" అని మ్యూసోనియస్ ఏ సందర్భంలో అన్నాడు? ఎందుకు అన్నాడు?

3. 'చేతిలో లేనిదాని గురించి చింతించవద్దు' అనే బోధను పాఠంలో ఎలా ప్రశ్నించారు? మీరు ఏ పక్షాన నిలుస్తారు? కారణాలు రాయండి.

4. మీ ఊరిలో వినిపించే ఇతర భాషలలో 'చెప్పేది ఒకటి, చేసేది ఒకటి' అనే అర్థమిచ్చే సామెతలను సేకరించి, తెలుగులో వాటి భావం రాయండి.